నోరు కట్టుకోలేక కాదు, ఒంట్లో కొవ్వు ఊరుకోక

ఈ నెల వచ్చిన మెయిల్స్, మెసేజ్‌లు చూస్తే ఎక్కువ భాగం ఒకటే గోడు, కష్టపడి తగ్గాం, మళ్ళీ పెరిగాం అని. ఒక్కొక్కరికి విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెడితే అందరికీ పనికొస్తుందని ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాం. అడిగినవాళ్ళ పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. పిల్లాడు పుట్టాక బాగా ఒళ్ళు చేసి 82 కిలోలకి వెళ్ళాను. ఏడాది పాటు నోరు కట్టుకుని, రోజూ నడిచి 66కి తెచ్చుకున్నా. అందరూ మెచ్చుకున్నారు కూడా. రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ 84. ఇంట్లో వాళ్ళు నీకు కంట్రోల్ లేదంటున్నారు, నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. ఏడాది పాటు పట్టుబట్టి 16 కిలోలు తగ్గిన మనిషిని పట్టుకుని కంట్రోల్ లేదనడం అన్యాయం, ఆ మాట అన్నవాళ్ళకి ఈ పేజీ చూపించండి. మీకు జరిగింది చాలామందికి జరిగేదే, దానికి కారణం ఒంట్లోనే ఉంది.

కొవ్వంటే ఊరికే పేరుకుపోయిన సరుకు అని మనందరికీ ఒక లెక్క. డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే చూశారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ టీమ్ లెప్టిన్ అనే హార్మోన్ తాలూకు జీన్‌ని పట్టుకున్నాక ఆ లెక్క మారిపోయింది, ఎందుకంటే ఈ లెప్టిన్‌ని ప్రధానంగా తయారుచేసేది కొవ్వు కణాలే. కొవ్వు ఎంత ఉంటే రక్తంలో లెప్టిన్ అంత, అది మెదడులో హైపోథాలమస్ అనే చోటికి వెళ్ళి నిల్వలు బానే ఉన్నాయి కంగారు పడకు అని చెప్తూ ఉంటుంది. ఆ కబురు అసలు అందకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో చూశారు, పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని ఒక పాప, ఎంత తిన్నా ఆకలి తీరదు, 9 ఏళ్ళకే 94 కిలోలు. లెప్టిన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఆకలి దిగింది, ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. 1999లో వచ్చిన రిపోర్ట్ అది. ఆ పాపకి అప్పటిదాకా ఎవరైనా కంట్రోల్ లేదు అని ఉంటే ఎంత తప్పో చూడండి.

మరి అందరికీ లెప్టిన్ ఇచ్చేస్తే సరిపోదా అంటే, లావుగా ఉన్న చాలామందిలో అది ముందే ఎక్కువుంటుంది, మెదడు దాన్ని సరిగ్గా పట్టించుకోదు, అందుకే మందుగా పెద్దగా పనిచేయలేదు. లెప్టిన్ అసలు ప్రభావం కనపడేది అది పడిపోయినప్పుడు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ డాక్టర్లు 50 మందికి 10 వారాల పాటు చాలా తక్కువ కేలరీల డైట్ పెట్టారు, సగటున 13 కిలోల పైన తగ్గారు. బరువులో తగ్గింది దాదాపు ఏడో వంతు, కానీ లెప్టిన్ మాత్రం 65 శాతం దాకా పడిపోయింది! ఇంకా బాధ కలిగించేది ఏంటంటే ఏడాది తర్వాత మళ్ళీ చూస్తే, అప్పటికి కొంత బరువు తిరిగొచ్చినా కూడా, లెప్టిన్ ఇంకా మొదట్లో ఉన్నదానికంటే మూడో వంతు తక్కువే ఉంది, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ ఎక్కువే ఉంది, కడుపు నిండిందని చెప్పే పేగు హార్మోన్లలో కొన్ని తక్కువే ఉన్నాయి. 2011లో అచ్చయిన స్టడీ ఇది. అంటే డైట్ అయిపోయి ఏడాది గడిచినా ఒళ్ళు ఇంకా కరువులోనే ఉన్నాననుకుంటోంది.

కరువనుకున్న ఒళ్ళు రెండు పనులు చేస్తుంది, ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో టీవీలో వచ్చిన ఒక బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త టీమ్ ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్ళలో 41 కిలోలు వెనక్కొచ్చాయి. అంత బరువు తిరిగొచ్చాక కూడా వాళ్ళ ఒళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే కేలరీలు ఆ సైజు మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకి 500 దాకా తక్కువున్నాయి. వాళ్ళు తగ్గింది మామూలు మనుషులు తగ్గేదానికంటే చాలా ఎక్కువ, చాలా వేగంగా కూడా, కాబట్టి అందరికీ 500 అని భయపడకండి, కానీ దిశ మాత్రం అందరికీ అదే.

ఆకలి సంగతి ఇంకా పెద్దది. అదే హాల్ వేసిన అంచనా ప్రకారం తగ్గిన ఒక్కో కిలోకి రోజువారీ ఖర్చు ఓ 20 నుంచి 30 కేలరీలు తగ్గితే, తినాలనే కోరిక మాత్రం రోజుకి 100 కేలరీల చొప్పున పెరుగుతుంది. మీరు 16 కిలోలు తగ్గారు, మీరే లెక్కేసుకోండి. మీరు ప్రతిరోజూ, పక్కవాళ్ళకి వేయని ఆకలితో, పక్కవాళ్ళకంటే తక్కువ ఖర్చు చేసే ఒంటితో బతికారు, అలా కొన్ని నెలలు లాక్కొచ్చారు. పెరిగేటప్పుడు మాత్రం ఒళ్ళు ఇంత గట్టిగా అడ్డుపడదు. మనిషి జాతి పుట్టినప్పట్నుంచి ఎక్కువకాలం భయపడింది తిండి దొరకదేమో అనే గానీ ఎక్కువైపోతుందేమో అని కాదు కదా, ఆ ఏర్పాట్లే ఇంకా ఒంట్లో ఉన్నాయి.

మళ్ళీ తగ్గొచ్చా? తగ్గొచ్చమ్మా, కానీ ఈసారి తగ్గడం ఒక పని, నిలబెట్టుకోవడం ఇంకో పని అనుకుని మొదలుపెట్టండి, దాని గురించి కింద ఇంకొకరికి వివరంగా రాశాను. ఇంకో మాట, కాన్పు తర్వాత బరువు అంటున్నారు కాబట్టి థైరాయిడ్ టెస్ట్ ఒకసారి చేయించుకోండి, అది తేల్చుకుంటే మనశ్శాంతి.

ప్రశ్న: చెమట బాగా పడితే కొవ్వు కరిగి బయటికి పోతుందని జిమ్‌లో చెప్తున్నారు, నడుముకి కట్టుకునే బెల్ట్ కూడా కొన్నాను. అసలు తగ్గిన కొవ్వు ఎటు పోతుందండీ?

జవాబు: ఎక్కువ భాగం ముక్కులోంచి పోతుంది, నిజంగానే! కొవ్వు కణాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే లోపల మొత్తం ఒకే ఒక్క పెద్ద నూనె చుక్క ఉంటుంది, కణానికి ఉండాల్సిన కేంద్రకం, మిగతా సరంజామా అంతా ఒక అంచుకి నొక్కుకుపోయి పల్చటి పొరలా కనపడతాయి. తిన్న తర్వాత ఇన్సులిన్ పెరుగుతుంది, అది ఉన్నంతసేపు ఆ నూనె చుక్క పెద్దగా కదలదు, ఇంకా వచ్చి చేరుతుంది. కొన్ని గంటలు గడిచి ఇన్సులిన్ దిగాక, లేదా వ్యాయామంలో అడ్రినలిన్ పెరిగాక, ఆ కొవ్వు విడిపోయి ఫ్యాటీ యాసిడ్లుగా రక్తంలోకి వస్తుంది, అక్కడ అల్బుమిన్ అనే ప్రోటీన్ వాటిని మోసుకుని కండరాలకి చేరుస్తుంది, కండరాలు ఆక్సిజన్‌తో వాటిని మండించుకుంటాయి. మండాక మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు, అంతే.

2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ లెక్క తేల్చారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, మిగతా 1.6 కిలోలు నీళ్ళవుతుంది. అలాగని ఊరికే గబగబా ఊపిరి పీలిస్తే తగ్గరు, కళ్ళు తిరుగుతాయి, ముందు కండరాలు ఆ కొవ్వుని అడగాలి. చెమట అనేది ఒంటిని చల్లబరచడానికి పట్టే నీళ్ళు, బెల్ట్ కట్టుకుని పోగొట్టిన బరువు రెండు గ్లాసుల నీళ్ళు తాగితే వెనక్కొచ్చేస్తుంది. బెల్ట్ కొన్నారు కదా అని బాధపడకండి, పక్కన పెట్టేయండి, ఎండలో అది కట్టుకుని మాత్రం పరుగెత్తొద్దు, ఒంట్లో వేడి బయటికి పోక ప్రమాదం.

డైట్ మొదటి వారంలో ఒకేసారి రెండు మూడు కిలోలు తగ్గడం కూడా ఎక్కువ భాగం నీళ్ళే. లివర్‌లో, కండరాల్లో గ్లైకోజెన్ అని పిండిపదార్థం నిల్వ ఉంటుంది, ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే ఆ నీళ్ళూ పోతాయి. రెండో వారం ముల్లు కదలట్లేదని డైట్ మానేసేవాళ్ళు చాలామంది, ఆ ముల్లు ఆగిన సమయంలోనే అసలు కొవ్వు కరగడం జరుగుతూ ఉండొచ్చు.

ప్రశ్న: చిన్నప్పుడు లావుగా ఉన్నవాళ్ళకి కొవ్వు కణాలు ఎక్కువుంటాయట, అవి ఎప్పటికీ పోవట. నేను చిన్నప్పట్నుంచీ బొద్దుగానే ఉన్నా. ఇప్పుడు 26. ఇక నా బతుకింతేనా?

జవాబు: బతుకింతే అనే మాట వద్దు బాబూ. విన్నదాంట్లో సగం నిజం. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2008లో దీన్ని తేల్చిన తీరు వింటే ఆశ్చర్యమేస్తుంది. 1950లు, 60ల మొదట్లో అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ బాగా పెరిగి, పరీక్షలు ఆపాక మెల్లగా తగ్గుతూ వచ్చింది, అది మొక్కల్లోకి, తిండిలోకి, మన కణాల డీఎన్ఏలోకి చేరింది. కొవ్వు కణం డీఎన్ఏలో ఆ కార్బన్ ఎంతుందో చూసి ఆ కణం ఏ ఏడాది పుట్టిందో లెక్కకట్టారు. తేలింది ఏంటంటే ఏడాదికి సుమారు 10 శాతం కొవ్వు కణాలు చనిపోతాయి, సరిగ్గా అన్నే కొత్తవి పుడతాయి. మొత్తం సంఖ్య చిన్నతనంలో, టీనేజ్‌లో ఖాయమై పెద్దయ్యాక దాదాపు అలాగే ఉండిపోతుంది. బరువు తగ్గించే సర్జరీ చేయించుకుని బాగా చిక్కినవాళ్ళలో కూడా రెండేళ్ళ తర్వాత చూస్తే కణాల సైజు తగ్గింది గానీ సంఖ్య తగ్గలేదు. సరుకు తీసేసిన సంచుల్లా అవి అక్కడే ఉంటాయి, మళ్ళీ నింపుకోడానికి.

2024 చివర్లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో సంగతి చూపించారు, లావుగా ఉన్నప్పటి గుర్తులు కొన్ని కొవ్వు కణాల్లో బరువు తగ్గాక కూడా మిగిలే ఉంటున్నాయని, ఏ జీన్ పనిచేయాలి ఏది ఆగాలి అనే ఏర్పాట్లు పాతవాటిలాగే ఉండిపోతున్నాయని. అలాంటి ఎలుకలకి మళ్ళీ కొవ్వు తిండి పెడితే మామూలు ఎలుకలకంటే తొందరగా బరువు పెరిగాయి. మనుషుల కణాల్లో కూడా ఆ గుర్తులు కనపడ్డాయి, కాకపోతే మనుషుల్లో బరువు తిరిగి రావడానికి అవే కారణమని ఇంకా నిరూపించలేదు.

ఇదంతా విని దిగులు పడకండి. సంఖ్య ఎంతున్నా జబ్బులు తెచ్చేది ఎక్కువగా కణాలు ఉబ్బిపోవడం. ఉబ్బిపోయిన కణాలు ఇన్సులిన్ మాట వినవు, వాపు పుట్టించే పదార్థాలు వదులుతాయి, ఇక పట్టక కొవ్వు లివర్‌లోకి, పొట్టలో అవయవాల చుట్టూ చేరుతుంది. అవే కణాలు చిన్నవయ్యాయంటే షుగర్, బీపీ, లివర్ అన్నీ కుదుటపడతాయి. మీ చేతిలో ఉన్నది సైజు, అది చాలా పెద్ద విషయం. మీ వయసులో అయితే ఇంకా మంచిది, 26కి మొదలుపెట్టినవాళ్ళకి ఒంట్లో కండ పెంచుకోవడం తేలిక.

ప్రశ్న: నేనూ మా ఆయనా ఒకే డైట్ మొదలుపెట్టాం, ఒకే తిండి, ఒకే వాకింగ్. రెండు నెలల్లో ఆయన 7 కిలోలు తగ్గి పొట్ట పోయింది, నేను 3 కిలోలే, అది కూడా మొహం, చేతులు చిక్కాయి గానీ తొడలు అలాగే ఉన్నాయి. తొడలకి స్పెషల్ ఎక్సర్‌సైజులు చేస్తే పోతుందా?

జవాబు: ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు, కలిసి మొదలుపెట్టడమే గొప్ప. ఇక పోలిక మాత్రం మానేయండి, అది మీకు నష్టం. మగవాళ్ళలో కండ ఎక్కువ, అందుకని కూర్చున్నా ఖర్చు ఎక్కువ, ఒకే ప్లేట్ తింటే ఆయనకి లోటు ఎక్కువ పడుతుంది. పైగా ఆయన కొవ్వు ఉన్నది పొట్ట లోపల, పేగుల చుట్టూ ఉండేది. అది అడ్రినలిన్‌కి చటుక్కున స్పందించి ముందు కరుగుతుంది. తొడల్లో, పిరుదుల్లో చర్మం కింద ఉండే కొవ్వు కణాల మీద అడ్రినలిన్ పనిని అడ్డుకునే రిసెప్టర్లు, అంటే హార్మోన్ వచ్చి అంటుకునే చోట్లు ఎక్కువ, ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ దాన్ని అక్కడే కాపాడుతుంది, గర్భానికి, పాలివ్వడానికి పనికొచ్చే నిల్వ అది. కదలనిదే అయినా గుండెకి, షుగర్‌కి పొట్టలో కొవ్వంత చేటు చేయదు, ఆ మాటకొస్తే తొడల్లో కొవ్వు ఉండటం కొంత రక్షణ అని కూడా స్టడీలు చెప్తున్నాయి. మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గాక కొత్తగా చేరే కొవ్వు ఎక్కువగా పొట్టకి చేరడం మొదలవుతుంది, అప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి.

తొడలకి ఎక్సర్‌సైజులు చేయండి, కండ బలపడుతుంది, మంచిదే, కానీ అక్కడి కొవ్వే ప్రత్యేకంగా కరుగుతుందనుకోవద్దు. టెన్నిస్ ఆడేవాళ్ళ రెండు చేతులూ 1971లో కొలిచి చూశారు, ఏళ్ళ తరబడి ఒకే చేత్తో ఆడినా, ఆ చేతి కండ పెద్దదైనా, రెండు చేతుల్లో చర్మం కింద కొవ్వు మందం ఒకేలా ఉంది. కండరం ఏ చోట పనిచేసినా దానికి కావాల్సిన కొవ్వు రక్తంలోంచి వస్తుంది, రక్తంలోకి ఏ చోటి కొవ్వు ముందు వస్తుందనేది జీన్స్, హార్మోన్లు చూసుకుంటాయి.

ఒకే తిండి తిన్నా ఒకేలా ఉండదు అనేదానికి ఇంకో సాక్ష్యం చెప్తాను, నాకు చాలా నచ్చిన స్టడీ. కెనడాలో క్లాడ్ బౌచార్డ్ అనే ఆయన 12 జతల కవల కుర్రాళ్ళని తీసుకుని, 100 రోజుల్లో 84 రోజులు, రోజుకి 1000 కేలరీలు అదనంగా తినిపించారు. అందరూ ఒకే లెక్క తిన్నారు. కానీ ఒకరు 4 కిలోలు పెరిగితే ఇంకొకరు 13 కిలోలు పెరిగారు. ఒక జతలో కవలలిద్దరూ మాత్రం దాదాపు ఒకేలా పెరిగారు, కొవ్వు చేరిన చోటు కూడా ఒకటే. ఇది 1990 నాటి సంగతి, అయినా ఇంకా మనం పక్కవాళ్ళని చూసి వాళ్ళకి అదృష్టం, నాకు బద్ధకం అనుకుంటూనే ఉన్నాం.

ప్రశ్న: నాకు 45. వయసు వల్ల మెటబాలిజం స్లో అయిపోయి లావవుతున్నా. పెంచుకోడానికి టాబ్లెట్ ఏమైనా ఉందా?

జవాబు: మెటబాలిజం పెంచే టాబ్లెట్ అని అమ్మేవాటి జోలికి వెళ్ళొద్దు, గుండె దడ, బీపీ తెచ్చుకోవడం తప్ప ఉపయోగం లేదు. వయసు మీద నెట్టేయడం కూడా పూర్తిగా కుదరదు. 2021లో 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా లెక్కలు తీసి చూస్తే, ఒంటి సైజుకి తగ్గట్టు సరిచూసుకున్నాక, 20 నుంచి 60 ఏళ్ళ దాకా ఒళ్ళు ఖర్చు చేసే కేలరీలు దాదాపు మారలేదు, 60 దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గడం మొదలైంది. 45కి మారేవి వేరే, కండ తగ్గడం, కూర్చునే పని పెరగడం, నిద్ర తగ్గడం. వీటన్నిటికీ మందు షాపులో దొరకదు గానీ మూడూ సరిచేసుకోగలిగినవే.

ప్రశ్న: వారానికి ఒకసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకుని మా అన్నయ్య 15 కిలోలు తగ్గాడు. మానేశాక మళ్ళీ పెరుగుతున్నాడు. అంటే ఆ మందు ఫెయిల్ అయినట్టేనా? నేను తీసుకోవచ్చా?

జవాబు: బీపీ టాబ్లెట్ మానేస్తే బీపీ పెరుగుతుంది, దాన్ని మందు ఫెయిల్ అయింది అనం కదా, ఇదీ అంతే. తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది, కడుపు నిండింది ఇక చాలు అని చెప్తుంది, కానీ రక్తంలో అది ఉండేది రెండు నిమిషాలే. సెమాగ్లూటైడ్ లాంటి మందుల్ని దానిలాగే ఉండేట్టు, కానీ వారం పాటు పనిచేసేట్టు తయారుచేశారు. నేను పైన చెప్పిన, తగ్గినకొద్దీ పెరిగే ఆకలి ఉంది చూశారా, ఆ ఆకలినే ఇది నేరుగా తగ్గిస్తుంది, అందుకే ఇది పనిచేసినంతగా ఇంతకుముందు మందులేవీ పనిచేయలేదు. 2021లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది, 2022లో టిర్జెపటైడ్ అనే ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్‌తో ఎక్కువ డోసులో 20 శాతం దాటింది. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్ళని ఏడాది తర్వాత చూస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కొచ్చేసింది. మీ అన్నయ్యకి అవుతున్నది అదే, ఆయన్ని ఏమీ అనకండి, మళ్ళీ డాక్టర్‌ని కలవమనండి.

మీ విషయంలో, స్నేహితులు చెప్పారనో మీ అన్నయ్య దగ్గర మిగిలిందనో మాత్రం వేసుకోవద్దు, గట్టిగా చెప్తున్నా. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలుగా ఉంటాయి, కొందరికి పిత్తాశయంలో రాళ్ళు, అరుదుగా పాంక్రియాస్ వాపు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు, గర్భం కావాలనుకునేవాళ్ళు కనీసం రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపేయాలి. తగ్గేదాంట్లో కండ కూడా ఉంటుంది కాబట్టి ప్రోటీన్, బరువులెత్తే వ్యాయామం లేకుండా వాడటం సగం వైద్యమే. ఎంతకాలం వాడాలి, ఆపితే ఏంటి అనేది మొదటి ఇంజెక్షన్‌కి ముందే మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నేను 12 కిలోలు తగ్గి నాలుగు నెలలైంది. మళ్ళీ పెరుగుతానేమోనని భయంతో నిద్ర పట్టట్లేదు. నిలబెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏం చేస్తారు?

జవాబు: ఉన్నారు, వేలమంది. 1994లో అమెరికాలో రెనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాది పైన నిలబెట్టుకున్నవాళ్ళ పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టారు, 10,000 మంది దాటారు. వాళ్ళు తగ్గిన పద్ధతులు రకరకాలు, ఒకరిది ఒకరికి పోలదు. నిలబెట్టుకునే పద్ధతుల్లో మాత్రం పోలికలున్నాయి. పదిమందిలో తొమ్మిదిమంది రోజుకి సగటున గంట కదులుతారు, ఎక్కువగా నడకే. నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారు. టీవీ తక్కువ చూస్తారు. వీళ్ళు వాళ్ళంతట వాళ్ళు పేరిచ్చినవాళ్ళు, కాబట్టి ఇలా చేస్తే అందరికీ నిలబడుతుందని గ్యారంటీ ఇవ్వలేను, కానీ దారి ఎటో తెలుస్తుంది.

నా ఉద్దేశంలో వీటన్నిటిలో విలువైనది ఆ వారపు తూకం. ఒళ్ళు మెల్లగా, తెలీకుండా లాగుతుంది, బట్టలు బిగుసుకునేసరికి ఐదారు కిలోలు వచ్చేసి ఉంటాయి. వారానికి ఒకరోజు, పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూసి రాసుకోండి. ఒక కిలో అటూఇటూ నీళ్ళే, పట్టించుకోవద్దు. రెండు కిలోలు దాటి రెండు వారాలు అలాగే ఉంటే అప్పుడు తిండి మళ్ళీ లెక్క చూసుకోండి. రెండు కిలోలు తగ్గించడం ఎవరికైనా చేతనవుతుంది, పన్నెండు మళ్ళీ మొదట్నుంచి అంటేనే మనిషి చతికిలబడతాడు. తూకం చూస్తే రోజంతా మనసు పాడైపోయే మనిషైతే, లేదా ఇంతకుముందు తిండి పూర్తిగా మానేసే జబ్బు లాంటివి ఉంటే, తూకం వద్దు, నడుం కొలత నెలకోసారి చాలు.

డైట్‌లో ఉన్నప్పుడు తగ్గే ప్రతి నాలుగు కిలోల్లో దాదాపు ఒక కిలో కొవ్వు కానిదే ఉంటుంది, అందులో కండ కూడా పోతుంది, కండ పోతే ఖర్చు ఇంకా పడిపోతుంది. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తడమో, సొంత ఒంటి బరువుతో చేసే వ్యాయామమో పెట్టుకోండి, ప్రోటీన్ మీ బరువులో కిలోకి ఓ గ్రాము నుంచి 1.2 గ్రాములు చూసుకోండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగే పెంచాలి.

నిద్ర పట్టట్లేదన్నారే, అది నాకు ఎక్కువ కంగారు. 2010లో 10 మందితో ఒక చిన్న స్టడీ చేశారు, అదే తక్కువ కేలరీల తిండి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు పడుకునే అవకాశమిచ్చి, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలే ఇచ్చి చూశారు. రెండుసార్లూ సుమారు మూడు కిలోలే తగ్గారు, కానీ బాగా పడుకున్నప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు, నిద్ర తగ్గినప్పుడు 0.6 కిలోలే కొవ్వు, మిగతాదంతా కండా అదీ. ఆకలి కూడా ఎక్కువైంది. కాబట్టి పెరుగుతానేమోనన్న భయంతో నిద్ర పోగొట్టుకుంటే ఆ భయమే పెంచుతుంది, రాత్రి ఫోన్‌లో కేలరీలు లెక్కపెట్టడం ఆపేసి పడుకోండమ్మా. ఆకలి ఎక్కువ వేయడం మీ తప్పు కాదని ఇప్పుడు తెలుసు కదా, ఆకలేస్తే కడుపు నింపేవి, పీచు, ప్రోటీన్ ఉన్నవి తినండి, కడుపు మాడ్చుకోవద్దు.

ప్రశ్న: ఏడాది కష్టపడితే 90 నుంచి 84కి వచ్చాను. అక్కడే ఆగిపోయింది. 6 కిలోల కోసం ఇంత కష్టమా, మానేద్దామనుకుంటున్నా. నాకు ప్రీ-డయాబెటిస్, అంటే షుగర్‌కి ముందు దశ అన్నారు.

జవాబు: మానేయొద్దు, దయచేసి. ప్రీ-డయాబెటిస్ ఉన్న మీకు ఆ 6 కిలోలు చాలా పెద్ద సంపాదన. అమెరికాలో మీలాంటి 3,234 మందితో చేసిన ట్రయల్ 2002లో వచ్చింది, ఒక గ్రూపుకి పెట్టిన టార్గెట్ 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల నడక, అంతే. మీరు తగ్గింది 7 శాతానికి దగ్గర దగ్గరే. దాదాపు మూడేళ్ళలో వాళ్ళలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ టాబ్లెట్ వేసుకున్న గ్రూపులో తగ్గింది 31 శాతమే. తర్వాత విడిగా లెక్క చూస్తే, తగ్గిన ఒక్కో కిలోకి రిస్క్ 16 శాతం చొప్పున దిగింది.

వాళ్ళకి కూడా బరువు ఆగింది, ఆ తర్వాత తిరిగి చాలావరకు వచ్చింది. అయినా మొదలైన పదేళ్ళకి చూస్తే షుగర్ వచ్చినవాళ్ళు ఆ గ్రూపులో ఇంకా 34 శాతం తక్కువే ఉన్నారు. మీరు 84 దగ్గర ఆగారంటే మీ ఒళ్ళు ఇప్పుడు తినేదానికి, ఖర్చుకి సరిపెట్టుకుంది అని అర్థం, ఏమీ చేయట్లేదని కాదు, ఇప్పుడు చేస్తున్నదే మిమ్మల్ని 90కి పోనివ్వకుండా పట్టుకుంది. ఇంకా తగ్గాలా వద్దా అనేది తర్వాత చూద్దాం, ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే టెస్ట్), లివర్ టెస్ట్ మళ్ళీ చేయించి ఏడాది కిందటి రిపోర్ట్ పక్కన పెట్టి చూడండి, ఆ రెండు రిపోర్టులూ నాకు పంపండి.